అంచు మసకగా ఉన్న చీర, దాని పక్కన ఉండాల్సిన మాట

ప్రశ్న: మాది పోచంపల్లి. మా అత్తవారిది మూడు తరాలుగా మగ్గం మీద బతికిన ఇల్లు. మా చీరలు మేమే నేరుగా అమ్ముకుందామని ఏడాది క్రితం వెబ్‌సైటు పెట్టాను. పేజీలు చేసిచ్చిన అబ్బాయి ఫోటోలు చాలా బాగా తీయించాడు. చూసినవాళ్లంతా అందంగా ఉందంటారు, కొనేవాళ్లు మాత్రం తక్కువ. వాట్సాప్‌లో రోజూ అవే ప్రశ్నలు: పట్టా, నూలా? జాకెట్టు గుడ్డ ఉందా? రంగు ఫోటోలో ఉన్నట్టే ఉంటుందా? మొన్న ఒకావిడ ‘డిజైను అంచుల్లో రంగు కారింది’ అని చీర తిప్పి పంపారు. ఆ అబ్బాయిని అడిగితే ఫోనులో ఎవరూ చదవరు, ఉన్న మాటలు కూడా తగ్గించాలంటాడు. మా మామగారేమో మన ఊరి కథ, మన పని కథ ప్రతి చీర కిందా పూర్తిగా రాయాలంటారు. ఎవరి మాట వినాలి?
(ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ఇద్దరి మాటా వినాల్సిందే. అయితే ముందు ఆ తిరిగొచ్చిన చీర సంగతి చూద్దాం. మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

‘రంగు కారింది’ అని ఆవిడ రాసిన మాటలో ఎలాంటి దురుద్దేశమూ లేదు. ఆవిడ చూసింది చూసినట్టే చెప్పారు. ఇక్కత్ చీరలో పువ్వు చివరా, గీత చివరా కొంచెం చెదిరినట్టు, మసకగానే ఉంటుంది. మీకు అది పుట్టినప్పటి నుంచీ కళ్ల ముందున్న విషయం కనుక చెప్పాలనే తోచలేదు. దారాన్ని మగ్గం ఎక్కించక ముందే లెక్క ప్రకారం అక్కడక్కడ రబ్బరు పట్టీలతో బిగించి కట్టి (దీన్నే చిటికి కట్టడం అంటారు, కట్టిన చోట రంగు అంటదు), రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మరో రంగులో ముంచుతారు. అంటే డిజైను పుట్టేది గుడ్డ మీద కాదు, దారం మీద. నేసేటప్పుడు ఆ దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. ఆ జరగడమే ఆ మసక. ఈ సంగతి తెలిసినవాళ్లు ముందు ఆ అంచునే వెతుకుతారు. తెలియనివాళ్లకు అదే లోపంగా కనిపిస్తుంది.

మీరు పంపిన నీలం చీర పేజీని ఫోనులో తెరిచి చూశాను. మొదట తెర నిండా ఒక ఫోటో: గుడి మెట్ల మీద చీర కట్టుకుని పక్కకు తిరిగి నిలబడ్డ అమ్మాయి. దాని మీద సన్నటి తెల్లని అక్షరాల్లో ‘నీలి స్వప్నం’ అని పేరు. వేలితో మూడుసార్లు పైకి జరిపితే గానీ ధర కనబడలేదు. డిజైనును దగ్గరగా చూపించే ఫోటో ఒకటుంది, అది ఎనిమిదోది. దాని కింద ఒక్క మాట కూడా లేదు. ఇంకా కిందికి వెళితే 1951లో వినోబా భావే పోచంపల్లి రావడం, వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు దానం చేయడం గురించి పన్నెండు పంక్తులు. ‘ఇక్కత్’ అన్న మాట ఆ పంక్తుల చివర ఒకే ఒక్కసారి వచ్చింది.

చీర తిప్పి పంపినావిడ ఆ ఎనిమిదో ఫోటో చూసే ఉంటారు. చూశారు కాబట్టే మసక ఆవిడ మనసులో పడింది. ఆ క్షణంలో పక్కన ఒక వాక్యం ఉండి ఉంటే చాలు. ‘ఇక్కత్‌లో డిజైను అంచు ఇలా మసకగానే ఉంటుంది. దారానికి ముందే రంగు వేసి నేసినందువల్ల వచ్చేది ఇది. రంగు కారడం కాదు.’ ఇంతే. ఇదే వాక్యం పేజీ అడుగున ‘తరచుగా అడిగే ప్రశ్నలు’ అనే చోట ఉన్నా ఆవిడకు ఉపయోగపడేది కాదు. సందేహం పుట్టింది ఫోటో దగ్గర. జవాబు కూడా అక్కడే దొరకాలి.

దాని పక్కనే ఇంకో ఫోటో పెట్టండి. చీర చెంగును మడిచి, ముందువైపూ వెనుకవైపూ ఒకే చిత్రంలో కనబడేలా తీయండి. ఇక్కత్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన గుడ్డకు సాధారణంగా వెనుకవైపు వెలిసినట్టు ఉంటుంది. ఈ ఫోటో విడిగా పెడితే మడత పెట్టిన గుడ్డ ముక్క, అంతే. ‘రెండు వైపులా ఒకే రంగు’ అన్న మాట విడిగా రాస్తే ఎవరైనా రాసుకోగలిగే ప్రకటన. రెండూ పక్కపక్కన ఉంటే కొనేవారు తమ కళ్లతో తామే తేల్చుకోగలిగిన రుజువు అవుతుంది. మీ ఫోటోలు బాగున్నాయి, మీ మామగారి మాటలు బాగున్నాయి. ఇవి రెండూ ఒకదాన్ని ఒకటి ఎక్కడా కలుసుకోకపోవడమే మీ పేజీకి వచ్చిన కష్టం.

ఇక ‘ఎవరూ చదవరు’ అన్న మాట. అది సగమే నిజం. వెబ్ పేజీలను జనం ఎలా చదువుతారో వెబ్ వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 1997లో ప్రకటించిన పరిశీలనలో 79 శాతం మంది పైపైన చూసుకుంటూ పోయారు, 16 శాతం మందే మాట మాటా చదివారు. మీ పేజీలు చేసిన అబ్బాయి మనసులో ఉన్నది ఇలాంటి లెక్కే అయి ఉంటుంది. కానీ పైపైన చూడడమంటే చదవకపోవడం కాదు, వెతకడం. సంతలో మనం ప్రతి గంప దగ్గరా ఆగుతామా? మనకు కావలసింది కనబడితే అక్కడ కూర్చుని కాయ కాయా ఏరుకుంటాం. వాట్సాప్‌లో మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతున్నవాళ్లంతా మీ పేజీలో వెతికి, దొరకక వచ్చినవాళ్లే. చదవడం ఇష్టం లేనివారు ప్రశ్న టైపు చేసి జవాబు కోసం ఎదురుచూస్తారా? పైగా అలా అడిగేవాళ్లు కొందరే. అడగకుండా పేజీ మూసేసి వెళ్లినవాళ్లు ఎందరో మీకు తెలియదు.

2006లో అదే నీల్సన్ బృందం 232 మంది కంటి చూపు ఎటు కదులుతుందో గమనించింది. చూపు పై పంక్తుల మీద అడ్డంగా, తర్వాత ఎడమ అంచు వెంట నిలువుగా, ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరం ఆకారంలో పోతోందని తేల్చింది. అంటే పంక్తి మొదట్లో ఉన్న మాటకు విలువ ఎక్కువ. మనకు ఇక్కడే ఒక చిక్కుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. అవునో కాదో, ఉందో లేదో తేలేది వాక్యం చివరనే.

ఈ పాఠం నేను ఎదురుదెబ్బ తిని నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక బట్టల దుకాణం పేజీలకు మాటలు రాశాను. డిజైను అప్పటికే తయారైపోయింది. ప్రతి చీర కిందా ఒక చిన్న గడి, అందులో పట్టినంతే రాయమన్నారు. ‘ఈ చీరతో పాటు జాకెట్టు గుడ్డ రాదు’ అని రాసిచ్చాను. కంప్యూటర్‌లో సరిగ్గానే పట్టింది. ఫోనులో మాత్రం గడి ఇరుకై, చివరి మాట పోయి, మూడు చుక్కలు మిగిలాయి. ‘ఈ చీరతో పాటు జాకెట్టు గుడ్డ...’ చదివినవాళ్లు ఏమనుకుంటారు? వస్తుందనే అనుకున్నారు. చీరలు వరుసగా వెనక్కి వచ్చాయి. ఒక పెద్దావిడ ఫోను చేసి, ‘మనవరాలి పెళ్లికని తెప్పించాను, ఇప్పుడు దీనికి కలిసే గుడ్డ ఎక్కడ వెతకను’ అని అడిగారు. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది. నేను రాసిన వాక్యంలో తప్పు లేదు, డిజైనరు వేసిన గడిలోనూ తప్పు లేదు. మేమిద్దరం ఒక్కసారి కూడా పక్కపక్కన కూర్చుని ఒకే ఫోనులో ఆ పేజీ చూడలేదు. తప్పు అక్కడ జరిగింది.

అప్పటి నుంచి ఇలాంటి సంగతులను వాక్యాలుగా రాయడం మానేశాను. ‘జాకెట్టు గుడ్డ: లేదు.’ ‘దారం: పట్టు.’ ‘పొడవు: 5.5 మీటర్లు.’ ఎడమవైపు విషయం, కుడివైపు జవాబు. వెతికే కంటికి ఇది ఒక్క చూపులో అందుతుంది. మీ పేజీలో ఇలాంటివి ఆరేడు పంక్తులు చాలు. అవి ధర పక్కనే, మొదటి ఫోటో దాటగానే కనబడాలి. పట్టు, నూలు, సికో (పట్టూ నూలూ కలిపి నేసినది) అన్న తేడా అన్నిటికన్నా పైన ఉండాలి. మీ వాట్సాప్‌లో మొదటి ప్రశ్న అదే కదా.

పేరు కూడా మార్చండి. ‘నీలి స్వప్నం’ వినడానికి బాగుంది, కానీ దాన్ని వెతికేవారు లోకంలో ఎవరూ లేరు. ‘నీలం, ఎరుపు డబుల్ ఇక్కత్ పట్టు చీర’ అనండి. పడుగు (నిలువు దారం), పేక (అడ్డ దారం) రెండింటికీ చిటికి కట్టిన చీరకూ, పేకకు మాత్రమే కట్టిన చీరకూ ధరలో ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు. ఫోటోలో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి రెండింతలు ఎందుకు ఉందో బొమ్మ చెప్పలేదు, ‘డబుల్’ అన్న మాటే చెప్పాలి. ఆ మాట ధరకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ‘నీలి స్వప్నం’ మీకు మరీ ఇష్టమైతే కింద చిన్న అక్షరాల్లో ఉంచుకోండి.

రంగు ప్రశ్న కష్టమైనదే. ఒక్కో ఫోను తెర ఒక్కో రకంగా చూపిస్తుంది, దాన్ని ఏ డిజైనూ సరిచేయలేదు. మన భాష మాత్రం ఇక్కడ చాలా సాయపడుతుంది. ఉల్లిపొర రంగు, బచ్చలిపండు రంగు, కనకాంబరం, చిలకపచ్చ, గంధం. ఇవి చదివితే చాలు, తెర ఎలా చూపించినా మనసు సరైన రంగు దగ్గరికి వెళుతుంది. ‘పర్పుల్’ అంటే పది రకాలు, ‘వంకాయ రంగు’ అంటే మనకు ఒకటే. నెమలికంఠం చీరల విషయంలో మాట మరీ అవసరం. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కావడంతో ఆ చీర కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. ఒక ఫోటోలో నీలం, ఇంకో ఫోటోలో ఆకుపచ్చ కనబడితే కొనేవారు ‘ఏది నిజం?’ అని భయపడతారు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ‘వెలుగు పడే వైపును బట్టి రంగు మారుతుంది, రెండూ ఇదే చీర’ అని రాయండి. భయపెట్టిన విషయమే అప్పుడు ముచ్చటగా కనబడుతుంది. గుడి మెట్ల మీద సాయంత్రపు ఎండలో తీసిన ఫోటో అందంగా ఉన్నా ఆ ఎండ నీలాన్ని ఊదాగా చూపిస్తోంది. పగటిపూట కిటికీ దగ్గర, నీడలో, తెల్ల దుప్పటి మీద పరిచి ఒకటి తీయండి. దాని కింద ‘అసలు రంగుకు దగ్గరగా ఉన్న ఫోటో ఇది’ అని రాయండి.

డిజైను ఎంత పెద్దదో కూడా ఫోటోకు తనంతట తాను చెప్పడం చేతకాదు. తెర మీద అరచేయంత కనబడిన పువ్వు విప్పి చూస్తే రూపాయి బిళ్లంత ఉంటుంది. ఒక ఫోటోలో మీ చెయ్యి పెట్టండి. నేసిన చెయ్యి అయితే ఇంకా మంచిది. పక్కన అంచు వెడల్పు అంగుళాల్లో రాయండి.

పేజీలు చేసిన అబ్బాయితో గట్టిగా మాట్లాడాల్సిన సంగతి ఒకటుంది: అక్షరాలు. అతను వాడిన కొలతలన్నీ ఇంగ్లీషుకు కుదిరేవి. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ‘వస్త్రం’ అన్న మాటే చూడండి, సకారానికి తకారం వత్తు, దానికి తోడు రకారం. పంక్తుల మధ్య చోటు చాలకపోతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిలో గుచ్చుకుంటుంది. మీ పేజీలో అదే జరుగుతోంది. నా అనుభవంలో అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్ల ఎడం ఉంటే తెలుగు హాయిగా సాగుతుంది. రెండు వైపులా అంచులు సమంగా సర్దడం కూడా మాన్పించండి. మన మాటలు పొడుగు. ఫోను వెడల్పులో రెండో మూడో పట్టి, మధ్యలో గుంటలు పడుతున్నాయి. ఇక తెల్లటి నేల మీద ఆ లేత బూడిద రంగు అక్షరాలు! ‘ద’కూ ‘ధ’కూ ఉన్న తేడా కింది చిన్న గీతే కదా, అది ఆ రంగులో మాయమైపోతోంది. మామూలు సైజు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పట్టు చీర కొనేవారిలో కళ్లజోడు పెట్టుకునేవారు చాలామంది ఉంటారు. ఈ కొలత వాళ్ల కోసం అనుకోమనండి.

ఫోటో మీదే మాటలు అచ్చు వేయించడం అసలు వద్దు. ఫోనులో అక్షరం పెద్దది చేసుకునే వీలు పోతుంది. చూపు లేనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ ఆ మాటలు అందవు. ప్రతి ఫోటో వెనుకా దాని వర్ణన రాసే చోటు ఉంటుంది, ప్రస్తుతం మీ పేజీలో అదంతా ఖాళీ. ‘ఫోటో 3’ అని కాకుండా ‘నీలం నేల మీద ఎరుపు గళ్లు, నాలుగు అంగుళాల అంచు’ అని నింపమనండి.

మీ మామగారి కథల గురించి. వాటిని తీసేయమని నేను చెప్పను, చెప్పలేను కూడా. వాటికి తగిన చోటు దొరకలేదు, అంతే. భూదానం మీ ఊరికి పేరు తెచ్చిన ఘట్టం, కానీ చీర కొనాలా వద్దా అన్న ఊగిసలాటకు అది జవాబు కాదు. దానికి ‘మా ఊరు’ అని వేరే పేజీ ఇవ్వండి, పాత ఫోటోలుంటే వాటితో సహా. చీర పేజీలో మాత్రం పని కథ ఉండాలి, అదీ ఒక ఫోటోకు ఒక సంగతి చొప్పున. ఆసు పోయడం తీసుకోండి. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం, దాని మీద దారం. బయటివారికి ఆ ఫోటో ఏమీ చెప్పదు, ఏదో పనిముట్టు అనుకుని దాటిపోతారు. ‘చిటికి కట్టే ముందు పేక దారాన్ని ఇలా మేకుల మీద పోస్తారు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి’ అని కింద రాస్తే ఆ ఫోటో దగ్గర ఎవరైనా ఆగుతారు.

మీ ఇంట్లో ఆసు యంత్రం మీద పోస్తుంటే ఆ మాటే రాయండి, దాచకండి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు చేసిన యంత్రం అది. అందుకు ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. చెప్పుకోదగ్గ విషయమే కదా! ‘అంతా చేత్తోనే’ అని రాసి, కింద ఫోటోలో యంత్రం కనబడితే మాత్రం చూసేవారి నమ్మకం మొత్తం పేజీ మీదే పోతుంది. ‘ఆసు యంత్రం మీద, చిటికి చేత్తో, నేత చేమగ్గం మీద’ అని పని పనికీ విడదీసి చెప్పడమే నిజాయితీ. అది చదవడానికి కూడా బాగుంటుంది.

సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ ముద్రలు మీ పేజీ అట్టడుగున, ఫోను నంబరు పక్కన అలంకారంగా ఉన్నాయి. మొదటిది పట్టు స్వచ్ఛతకు, రెండోది చేనేతకు గుర్తు. వాటిని ‘దారం: పట్టు’ అన్న పంక్తి పక్కకు తీసుకురండి. మీ చీరకు కుట్టిన లేబులు ఫోటో తీసి పెడితే ఇంకా నయం. వాపసు షరతులు, పంపే ఖర్చు కొనే బొత్తం పక్కనే ఉండాలి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు కూడా మొత్తం ధర ఒకే అంకెగా చూపించాలనీ, వాపసు వివరాలు ముందే తెలియజేయాలనీ చెబుతున్నాయి.

ఇదంతా ఎలా మొదలుపెట్టాలి? సైటు మొత్తం ఒకేసారి కదపకండి. ఆ నీలం చీర ఒక్కటి తీసుకోండి. మొదట మీ వాట్సాప్ తెరిచి, గత మూడు నెలల్లో వచ్చిన ప్రశ్నలన్నీ వాళ్లు అడిగిన మాటల్లోనే కాగితం మీద రాయండి. తర్వాత ఆ చీరను మీ మామగారి ముందు పరిచి, కొనడానికి వచ్చిన మనిషికి చూపించినట్టు చూపించమనండి. ఆయన ఏ మాట అంటూ చీర ఏ చోట వేలు పెట్టారో గమనించండి, ఫోనులో వీడియో తీయండి. కొంగు విప్పుతూ ఒక మాట, అంచు తిప్పి చూపిస్తూ ఇంకో మాట అంటారు. దుకాణంలో కూర్చున్న ఏ నేతగాడూ చీర అంతా చూపించేసి తర్వాత మాటలు మొదలుపెట్టడు. ఫోటోల వరుసా, వాటి పక్కన మాటలూ మీకు ఆ వీడియోలోనే దొరుకుతాయి.

ఆ మాటలు రాసుకున్నాకే అబ్బాయిని పిలవండి. డిజైను చేసేవారికి లోరెమ్ ఇప్సమ్ అని ఒక అలవాటుంది. అసలు మాటలు వచ్చేదాకా అర్థం లేని లాటిన్ ముక్కలతో చోటు నింపి చూసుకుంటారు. ఆ లాటిన్‌కు వత్తులు లేవు, ‘రాదు’ అని చివర తేల్చే క్రియ లేదు. మీ సొంత మాటలతోనే మొదటి నమూనా చేయమనండి. పెద్ద కంప్యూటర్ మీద కాకుండా మీ చేతిలో ఉన్న ఫోనులోనే చూపించమనండి. ఎక్కడైనా మాట పట్టకపోతే మీరు మాట మార్చవచ్చు, అతను గడి మార్చవచ్చు. పక్కపక్కన కూర్చుంటే అది రెండు నిమిషాల పని.

తిరిగొచ్చిన ఆ చీరను అమ్మకానికి పెట్టకముందు దాని డిజైను అంచును దగ్గరగా ఒక ఫోటో తీయండి. కొత్త పేజీలో మూడో ఫోటోగా పెట్టాల్సింది అదే. పేజీ మారాక ఒక నెల ఆగి వాట్సాప్ చూడండి. ‘పట్టా, నూలా’ ఆగిపోయి వేరే ప్రశ్నలు వస్తుంటే అవేమిటో నాకు రాయండి. వాటి సంగతి అప్పుడు చూద్దాం.